కిటికీ అద్దాల క్లీనింగ్ పని: రేటు ఎలా కట్టాలి, కస్టమర్లను ఎక్కడ వెతకాలి

నా మొదటి ఆర్డర్ మియాపూర్‌లో ఒక 3 బీహెచ్‌కే ఫ్లాట్. ఫోన్‌లో "ఎంత తీసుకుంటావు బాబూ?" అని అడిగారు. నోటికొచ్చినట్టు ఆరొందలు అన్నాను. వెళ్లి చూస్తే దోమల జాలీలు ఇల్లు కట్టినప్పటినుంచి తీసిన పాపాన పోలేదు. యుటిలిటీ బాల్కనీ అద్దం నిండా పావురాల రెట్టలు. నేనూ ఒక హెల్పరూ కలిసి ఐదు గంటలు రుద్దాం. హెల్పర్‌కి 800 ఇచ్చి, పెట్రోలు కొట్టించుకుని ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే, పని చేసినందుకు నేనే ఎదురు డబ్బులు కట్టినట్టయింది.

ఈ పనికి సామాన్లు కొనడం తేలికే. రెండు సైజుల వైపర్లు, అద్దం తడిపే మెత్తటి బట్ట కర్ర, పొడవు పెరిగే రాడ్డు, బకెట్, ఓ డజను మైక్రోఫైబర్ బట్టలు, స్క్రేపర్ (మరకలు గీకే బ్లేడు), కిటికీ తలుపులు జరిగే ట్రాకుల్లో మట్టి తీసే సన్న బ్రష్, రెండు మెట్ల స్టూలు ఉంటే మొదలుపెట్టొచ్చు. అద్దం మీద వైపర్ గీత పడకుండా లాగడం కూడా వారం రోజుల్లో చేతికి అలవాటవుతుంది. చాలామంది దెబ్బతినేది రేటు దగ్గర, లేదా ఊరంతా తిరిగి పని చేయడం దగ్గర. నిజానికి ఈ రెండూ ఒకే లెక్కలో ఉన్నాయి, అదెలాగో కింద చూడండి. ఉదాహరణలన్నీ హైదరాబాద్ అపార్ట్‌మెంట్లవే. విజయవాడలోనో విశాఖలోనో మొదలుపెట్టేవాళ్లు జీతం, పెట్రోలు అంకెలు మార్చుకుంటే చాలు.

1. ఏ పని చేయరో ముందు రాసుకోండి

అద్దాలు తుడవడం అనగానే జనానికి గుర్తొచ్చేది తాళ్లకు వేలాడుతూ ఐటీ బిల్డింగులు కడిగేవాళ్లు. అది వేరే పని. దానికి ట్రైనింగు, హార్నెస్, రెండు వేర్వేరు తాళ్లు, ఇన్సూరెన్స్ అన్నీ కావాలి. మీరు చేసేది ఇంటి లోపల నిలబడి చేతికి, రాడ్డుకి అందే పని, ఇంకా నేల మీద నిలబడి చేసే షాపుల పని. పదో అంతస్తులో కిటికీ అంచు మీద కూర్చుని బయటివైపు తుడవమని అడిగేవాళ్లు తప్పకుండా తగులుతారు. "మా పాత అబ్బాయి చేసేవాడు" అని కూడా అంటారు. వద్దని చెప్పేయండి. స్లైడింగ్ తలుపును ట్రాక్ మీద పక్కకు జరిపి, తెరుచుకున్న సందులోంచి పొట్టి హ్యాండిల్ వైపర్‌తో ఎంత అందితే అంత చేస్తామనీ, అందని ముక్క వదిలేస్తామనీ ముందే చెప్పండి. అలా వదిలేసినదానికి డబ్బులు తగ్గించండి. కస్టమర్‌కి కోపం రాదు.

బాల్కనీకి పావురాల నెట్ కట్టి ఉంటే దాన్ని విప్పకండి. మళ్లీ బిగించేటప్పుడు ఒక్క హుక్కు ఊడినా ఆ నెట్ ఖర్చు మీ నెత్తిన పడుతుంది.

2. మీ గంట ఖరీదు ఎంతో కట్టుకోండి

కొత్తవాళ్లు చేసే పని ఏంటంటే, పక్కవాడి రేటు తెలుసుకుని అంతకన్నా వంద తగ్గించడం. ఆ పక్కవాడికి ఎంత మిగులుతోందో మీకు తెలియదు. బహుశా అతనికీ తెలియదు. కాగితం తీసుకుని నెల ఖర్చు రాయండి. ఇద్దరు మనుషులు, ఒక బైకు, నెలకు 22 రోజుల పని అనుకుందాం.

హెల్పర్‌కి రోజుకు 800 చొప్పున 17,600. మీ జీతం 25,000. దీన్ని రాయకుండా "మిగిలింది నాదే" అనుకునేవాళ్లకు ఏమీ మిగలదు, అందుకే మీ జీతం కూడా ఖర్చులోనే వేయండి. పెట్రోలు రోజుకు 150 వేసుకుంటే 3,300. లిక్విడ్, బట్టలు, వైపర్ రబ్బర్లు, బ్లేడ్లకు 2,000. ఫోను, పాంప్లెట్లకు 1,500. సామాను అరిగిపోతుంది కాబట్టి పక్కన పెట్టేది 2,000. మొత్తం 51,400. ఎక్కడో ఒక జాలీ చిరుగుతుంది, ఒకరు డబ్బులు ఎగ్గొడతారు, ఒక రోజు వాన పడుతుంది. దానికి ఇంకో 5,000 కలపండి. 56,400 అయింది.

ఇప్పుడు గంటలు. రోజుకు ఎనిమిది గంటలు పని చేస్తాం కదా అని ఎనిమిదితో భాగిస్తే మునిగినట్టే. గేటు దగ్గర సెక్యూరిటీ ఎంట్రీ, లిఫ్టు కోసం ఎదురుచూపు, ట్రాఫిక్, భోజనం పోగా డబ్బులు వచ్చే గంటలు ఐదు. నెలకు 110. అంటే 56,400ని 110తో భాగిస్తే దాదాపు 513. చిల్లర చూడకుండా 520 అనుకోండి. మీ ఇద్దరి జట్టు గంటకు ఇంత సంపాదిస్తేనే బండి నడుస్తుంది.

ఆ ఐదు గంటల అంకెను మార్చి చూడండి. పొద్దున మియాపూర్‌లో ఒక ఇల్లు, మధ్యాహ్నం ఎల్బీ నగర్‌లో ఒక ఇల్లు ఒప్పుకున్నారనుకుందాం. ఆ రెండింటి మధ్య మెట్రో లైనే 29 కిలోమీటర్లు, మీరేమో బకెట్, రాడ్డు కట్టుకుని బైకు మీద వెళ్లాలి. డబ్బులొచ్చే గంటలు నాలుగుకు పడిపోతాయి. అప్పుడు మీ గంట ఖరీదు 641. అదే ఒకే గేటు లోపల రోజంతా పని దొరికితే ఆరు గంటలు వస్తాయి, గంట 427కే గిట్టుబాటు. అదే మనుషులు, అదే చెమట. తేడా అంతా రోడ్డు మీద పోయిన టైములోనే ఉంది. రేటు తగ్గించి కస్టమర్లను పట్టాలని చూడకండి. కస్టమర్లను దగ్గర దగ్గరగా పట్టండి, అప్పుడు రేటు తగ్గించినా తట్టుకుంటారు.

3. కిటికీని నిమిషాల్లోకి మార్చండి

మొదటి నాలుగైదు పనులకు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. ఒక్కోరకం కిటికీకి ఎంత పడుతుందో రాసుకోండి. మా ఇద్దరికీ మామూలు మురికితో ఉన్న రెండు తలుపుల స్లైడింగ్ కిటికీకి జాలీ, ట్రాకుతో కలిపి పది నిమిషాలు పడుతుంది. బాల్కనీ స్లైడింగ్ డోరుకి 16. బాత్రూమ్ వెంటిలేటర్‌కి ఐదు, అందులో వరసగా ఉండే అద్దం పలకలైతే ఇంకాస్త ఎక్కువ. పాత ఇళ్లలో గ్రిల్ లోపలివైపు ఉంటుంది. దాని సందుల్లోంచి చెయ్యి పెట్టి తుడవాలి కాబట్టి సగం టైము అదనం.

ఇప్పుడు ఒక 3 బీహెచ్‌కే చూద్దాం. ఎనిమిది కిటికీలకు 80 నిమిషాలు, రెండు బాల్కనీ డోర్లకు 32, మూడు వెంటిలేటర్లకు 15. సామాను దించడానికి, సోఫాలు జరిపి బట్ట కప్పడానికి, చివర్లో నేల తుడవడానికి ఇంకో 20. మొత్తం 147 నిమిషాలు. గంటకు 520 చొప్పున 1,274 అవుతుంది. 1,300 చెప్పండి.

ఇదే పద్ధతిలో ఐదు కిటికీలు, ఒక బాల్కనీ డోరు, రెండు వెంటిలేటర్లు ఉన్న 2 బీహెచ్‌కే 850 దగ్గర తేలుతుంది. "ఒక్క కిటికీయే ఉంది, వచ్చి పోతారా" అనేవాళ్లకు మినిమమ్ 800 అని చెప్పండి. గంటన్నర కన్నా తక్కువ టైముకు మీరు ఇంట్లోంచి కదలకూడదు, ఆ 800 దానికే.

చదరపు అడుగు లెక్కన రేటు అడిగే ఆఫీసులు ఉంటాయి. మీ నిమిషాల లెక్కే వేసుకుని, దాన్ని అద్దం కొలతతో భాగించి వాళ్లకు అంకె ఇవ్వండి. వాళ్ల భాషలో చెప్పండి, మీ భాషలో లెక్క వేసుకోండి.

4. ఫోన్‌లో అడిగినప్పుడు ఏం చెప్పాలి

చూడకుండా పక్కా రేటు చెప్పొద్దు. అలాగని "వచ్చి చూసి చెప్తాను" అంటే సగంమంది మళ్లీ ఫోన్ ఎత్తరు. మధ్యేమార్గం వీడియో. "మేడమ్, ఒక్కసారి కిటికీలన్నీ తిరుగుతూ నిమిషం వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టండి, పది నిమిషాల్లో రేటు చెప్తాను" అనండి. అందులో నాలుగు విషయాలు చూడాలి: ఎన్ని కిటికీలు, గ్రిల్ ఎటువైపు, అద్దం మీద తెల్ల మచ్చలు ఉన్నాయా, కిటికీ ముందు మంచమో అల్మారానో ఉందా. ఈ నాలుగో విషయాన్ని నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒక ఇంట్లో మంచం జరపడానికే పావుగంట పట్టింది.

రేటు చెప్పేటప్పుడు ఏం చేస్తారో కూడా ఒక్క మెసేజ్‌లో రాయండి: "అద్దం రెండువైపులా (చేతికి అందినంత), జాలీ, ట్రాక్, ఫ్రేమ్. మొత్తం 1,300. సిమెంట్, పెయింట్, ఉప్పు మరకలు ఇందులో లేవు." ఈ చివరి వాక్యం మిమ్మల్ని చాలా గొడవల నుంచి కాపాడుతుంది.

5. తెల్ల మచ్చలు, సిమెంట్ చుక్కలు: వీటి రేటు వేరు

హైదరాబాద్ బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. మొక్కలకు పోసిన నీళ్లు అద్దం మీద పడి ఆరితే తెల్లటి చుక్కలు మిగులుతాయి. పది రోజుల మచ్చ తడిగుడ్డకే పోతుంది. మూడేళ్ల మచ్చ అద్దాన్ని పట్టేసి ఉంటుంది. వెనిగర్ కలిపిన నీళ్లలో ముంచిన బట్టను పది నిమిషాలు అంటించి రుద్ది చూడండి. కదిలితే పోతుంది. కదలకపోతే పోదని నిజం చెప్పేయండి. బాత్రూమ్ యాసిడ్ మాత్రం తీసుకెళ్లకండి. అల్యూమినియం ఫ్రేమ్ మచ్చలు పడిపోతుంది, ఆ పొగ మీకూ మంచిది కాదు. వెనిగర్‌తోనూ జాగ్రత్త కావాలి. కిటికీ కింద గట్టు గ్రానైట్ అయితే ఫర్వాలేదు కానీ మార్బుల్ అయితే దాని మీద పడిన చోట మెరుపు పోతుంది. ముందు పాత టవల్ పరవండి.

కొత్త ఫ్లాట్ల అద్దాల మీద సిమెంట్, పుట్టీ, పెయింట్ చుక్కలు, స్టిక్కర్ల జిగురు ఉంటాయి. మామూలు కిటికీకి పది నిమిషాలు పట్టే చోట ఇక్కడ 25 నుంచి 30 పడుతుంది. ఒక కిటికీ చేసి చూసి, ఆ టైముతో మిగతావి లెక్కగట్టండి. పైన చెప్పిన 3 బీహెచ్‌కేనే కొత్తదైతే దాదాపు ఆరు గంటల పని, 3,200 దగ్గరకు వస్తుంది. అడ్వాన్స్ తీసుకోండి.

స్క్రేపర్ వాడేముందు అద్దం మూలన చిన్న ముద్ర ఉందేమో చూడండి. టఫెన్డ్ గ్లాస్ అయితే సాధారణంగా ఉంటుంది. దాన్ని వేడి చేసి గట్టిపరిచేటప్పుడు కంటికి కనపడని రేణువులు పైన అతుక్కుని ఉండొచ్చు. బ్లేడు వాటిని లాగితే అద్దం పొడవునా గీతలు పడతాయి. ఒక్క బాల్కనీ అద్దం మారిస్తే మీ వారం సంపాదన పోతుంది. అందుకే ఓనర్‌తో "బ్లేడు వాడితే గీతలు పడే అవకాశం ఉంది, మీకు ఓకేనా?" అని వాట్సాప్‌లో అడిగి, జవాబు వచ్చాకే చేయండి. సన్ ఫిల్మ్ అంటించిన అద్దం మీద బ్లేడూ వద్దు, అమ్మోనియా ఉన్న లిక్విడూ వద్దు.

పని మొదలుపెట్టేముందు ప్రతి కిటికీని వీడియో తీసుకోవడం అలవాటు చేసుకోండి. పాత పగులు, చిరిగిన జాలీ, ఊడిన చక్రం ఏవి కనపడినా అప్పుడే ఇంట్లోవాళ్లకు చూపించండి. పని అయ్యాక చూపిస్తే అది మీరు చేసినట్టే ఉంటుంది.

6. బేరం

బేరం ఆడని కస్టమర్ ఉండరు, అందులో వాళ్ల తప్పేం లేదు. కూరగాయల దగ్గర ఆడిన నోరే మన దగ్గరా ఆడుతుంది. కానీ ఊరికే తగ్గిస్తే ముందు చెప్పింది అబద్ధపు రేటని మీరే ఒప్పుకున్నట్టు. తగ్గించిన ప్రతిసారీ బదులుగా ఏదో ఒకటి తీసుకోండి.

"పక్క బ్లాకులో ఐదొందలకే చేశారంట అన్నా."

"ఐదొందలకు అద్దం లోపలివైపు ఒక్కటే చేసి ఉంటారు మేడమ్. మీకు అంతే చాలంటే నేనూ చేస్తాను. జాలీలు, ట్రాకులు కూడా కావాలంటే 1,300."

"కొంచెం చూసి చెప్పు."

"ఇదే ఫ్లోర్‌లో ఇంకొకరు ఈరోజే చేయించుకుంటే ఇద్దరికీ చెరో వంద తగ్గిస్తాను."

చాలాసార్లు ఆవిడే ఎదురింటి బెల్లు కొడుతుంది. మీకు ఇంకో గేటుకు వెళ్లే గంట మిగులుతుంది, వంద తగ్గించినా లాభమే.

"మా పనమ్మాయి చేస్తుంది కదా" అనేవాళ్లతో వాదించకండి. రోజూ వచ్చే అమ్మాయి లోపలివైపు తుడుస్తుంది, అది నిజం. జాలీ తీసి కడగడం, ట్రాకులో మట్టి తీయడం ఆమెకిచ్చే జీతంలో ఉండదు. "అవి మాత్రం మూడు నెలలకోసారి మాకు ఇవ్వండి" అంటే చాలు.

7. మొదటి పదిమంది ఎక్కడ

చుట్టాలు, స్నేహితుల ఇళ్లలో ఫ్రీగా చేయకండి. సగం రేటుకు చేసి, పని ముందు, తర్వాత ఫొటోలు తీసుకోండి. అద్దం మీదే దృష్టి పెట్టండి, ఇంట్లో సామాను, పిల్లలు, దేవుడి పటాలు పడకుండా చూసుకోండి. ఆ ఫొటోలు ఎక్కడ పెట్టినా ముందు అడగండి.

తర్వాత మీ ఇంటి నుంచి మూడు కిలోమీటర్ల లోపల ఒక ప్రాంతం ఎంచుకోండి. మొదటి రెండు నెలలు దాన్ని దాటకండి. కూకట్‌పల్లిలో ఉండేవాళ్లకు ప్రగతి నగర్, నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్లకు కొదవ లేదు. కొండాపూర్‌లో ఉంటే ఆ చుట్టుపక్కలే చాలు.

*వాచ్‌మన్ ఉన్న చిన్న అపార్ట్‌మెంట్లు.* ఐదు అంతస్తులు, ఇరవై ముప్పై ఫ్లాట్లు, ఒక వాచ్‌మన్ కుటుంబం. ఇక్కడ అసలు ద్వారం వాచ్‌మనే. ఏ ఫ్లాట్‌లో కొత్తవాళ్లు దిగుతున్నారో, ఎవరి ఇంట్లో పెళ్లి ఉందో అతనికి తెలిసినంత సెక్రటరీకి కూడా తెలియదు. పని ఇప్పిస్తే ఫ్లాటుకు వంద ఇస్తానని నేరుగా చెప్పండి. ఆ వంద మీ లెక్కలో ముందే వేసుకోండి. కస్టమర్ అడిగితే దాచకండి. ఇది లంచమని కొందరు మొహం చిట్లిస్తారు, నాకైతే పాంప్లెట్ ఖర్చుకీ దీనికీ తేడా కనపడలేదు.

*గేటెడ్ కమ్యూనిటీలు.* ఇక్కడ పాంప్లెట్‌తో గేటు దాటలేరు. ఒక్క ఇల్లు లోపల దొరికితే, ఆ ఇంటివాళ్లను వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక్క మాట పెట్టమని అడగండి. మీరే మెసేజ్ రాసిచ్చేస్తే వాళ్లకు శ్రమ ఉండదు:

"నమస్తే. మా ఇంట్లో కిటికీలు, జాలీలు, ట్రాకులు ఈరోజు క్లీన్ చేయించాం. బాగా చేశారు. వచ్చే శనివారం మళ్లీ మన కమ్యూనిటీకే వస్తున్నారు. 2 బీహెచ్‌కే 850, 3 బీహెచ్‌కే 1,300. కావాలంటే నంబర్ ఇస్తాను."

"శనివారం మళ్లీ వస్తున్నారు" అన్న మాటే ఇందులో కీలకం. తేదీ ఉంటే జనం కదులుతారు. పెద్ద కమ్యూనిటీల్లో అసోసియేషన్ ఆఫీసును అడిగితే ఆదివారం పొద్దున క్లబ్‌హౌస్ దగ్గర టేబుల్ వేసుకోనిస్తారు, కొన్నిచోట్ల దానికి ఫీజు ఉంటుంది. మీ ఇద్దరి ఆధార్ కాపీలు వెంట ఉంచుకోండి, గేటు దగ్గర అడుగుతారు. ఒకే రంగు టీషర్ట్ వేసుకుంటే సెక్యూరిటీ దగ్గరా ఇంటి గుమ్మం దగ్గరా సగం మాటలు తగ్గుతాయి.

*గృహప్రవేశాలు.* ఇదే నాకు బాగా డబ్బులొచ్చిన దారి. మాఘం, వైశాఖం, శ్రావణం ముహూర్తాలకు ముందు వారం రోజులు ఇంటీరియర్ వాళ్లు పని ముగించి దుమ్ము వదిలేసి వెళ్తారు. చుట్టాలొచ్చే ముందు అద్దాలు మెరవాలి. కార్పెంటర్ మేస్త్రీలు, పెయింటింగ్ కాంట్రాక్టర్లు, మాడ్యులర్ కిచెన్ షాపులవాళ్లతో పరిచయం పెంచుకోండి. ఆషాఢంలో గృహప్రవేశాలు ఉండవు, ఆ నెల ఖాళీని షాపులతో నింపుకోవాలి. వేసవి సెలవుల్లో ఇళ్లు మారేవాళ్లు ఎక్కువ. ఇక దసరా, దీపావళి, సంక్రాంతి ముందు రెండు వారాలు మీరు ఫోన్ ఎత్తలేరు.

డబ్బు తీసుకుని కస్టమర్ల నంబర్లు అమ్మే యాప్‌లు, వెబ్‌సైట్ల జోలికి మొదట్లో వెళ్లొద్దంటాను. నేను ఒకచోట కట్టి చూశాను. నాకిచ్చిన నంబరే ఇంకొందరికీ ఇచ్చారు. నేను ఫోన్ చేసేసరికి అవతల ఆయన విసిగిపోయి ఉన్నారు. దానికన్నా గూగుల్‌లో మీ వ్యాపారం పేరు ఫ్రీగా నమోదు చేసుకుని, ఇంటి అడ్రస్ చూపించకుండా పని చేసే ఏరియాలు మాత్రం పెట్టుకోండి. డబ్బులు తీసుకునేటప్పుడే, ఇంకా అద్దాలు చూసి మురిసిపోతున్నప్పుడే, రివ్యూ లింకు పంపండి. "తర్వాత రాస్తాను" అన్నవాళ్లు రాయరు. చుట్టాలతో దొంగ రివ్యూలు రాయించకండి. చదివేవాళ్లకు తెలిసిపోతుంది.

8. పొద్దున షాపులు

ఇళ్ల పని తొమ్మిదిన్నరకు ముందు మొదలవదు. పిల్లలు స్కూలుకు వెళ్లాలి, వంట అవ్వాలి. ఆ రెండు గంటలు షాపులకు పెట్టండి. మొబైల్ షాపులు, డెంటల్ క్లినిక్‌లు, సెలూన్లు, బట్టల షోరూములు ఉన్న ఒక్క రోడ్డు పట్టుకోండి. బస్సుల దుమ్ము వల్ల వారానికే అద్దం మసకబారుతుంది.

ఇక్కడ మాటలకన్నా చెయ్యి పని చేస్తుంది. ఓనరుగారిని అడిగి, ముందు తలుపు అద్దం సగం మాత్రం శుభ్రం చేసి చూపించండి. మిగతా సగం దాని పక్కన ఎలా కనపడుతుందో ఆయనే చూస్తారు. కొందరు "మిగతాది కూడా చేసెయ్" అని నవ్వుతారు, చేసెయ్యండి. నెల ఒప్పందం మాట్లాడటానికి అదే మంచి సమయం.

ఒక షాపుకు పావుగంట అనుకుంటే గంట రేటు ప్రకారం 130 పడుతుంది. 150 చెప్పి, నెలకు నాలుగుసార్లకు 600 తీసుకోండి. ఒకే రోడ్డులో 15 షాపులు దొరికితే నెలకు 9,000. వారానికి రెండు ఉదయాల్లో అయిపోతుంది, పెట్రోలు దాదాపు లేనట్టే. మొత్తం గొప్పగా లేకపోయినా పండగలకు సంబంధం లేకుండా నెల నెలా వస్తుంది. డబ్బులు నెల మొదట్లోనే తీసుకోవడం మొదటి నెల నుంచే అలవాటు చేయండి. తర్వాత మార్చడం కష్టం.

9. వచ్చిన కస్టమర్ మళ్లీ పిలిచేలా

కొత్త కస్టమర్‌ని వెతకడానికి టైము పోతుంది, పాతవాళ్లకు ఒక్క మెసేజ్ చాలు. ఒక నోట్‌బుక్‌లో ప్రతి ఇంటికీ ఒక పేజీ పెట్టండి. కిటికీలు ఎన్ని, ఎంత టైము పట్టింది, ఎంత తీసుకున్నారు, ఏ తలుపు చక్రం పట్టేస్తుంది, కుక్క ఉందా. రెండోసారి వెళ్లినప్పుడు "పోయినసారి వంటింటి జాలీ చిరిగి ఉంది కదా మేడమ్, మార్పించారా?" అని అడిగితే ఆవిడ ఇంకొకరిని పిలవదు.

మూడు నెలల లోపల మళ్లీ చేస్తే మురికి గట్టిపడదు. పది నిమిషాల కిటికీ ఏడు నిమిషాల్లో అవుతుంది, మొత్తం పని 147 నిమిషాల నుంచి 110కి దిగుతుంది. అందుకే "మూడు నెలల్లోపు పిలిస్తే 950" అని బిల్లు మెసేజ్‌లోనే రాయండి. ఈ తగ్గింపు మీ జేబులోంచి పోవడం లేదు, తగ్గిన టైము మేరకే ఇస్తున్నారు. రెండున్నర నెలలకు ఒక మెసేజ్ పంపండి. రోజూ గుడ్ మార్నింగ్ ఫొటోలు పంపితే మీ నంబర్ బ్లాక్ అవుతుంది.

పనిలో చిన్న చిట్కా: ఎండ పడుతున్న అద్దం మీద నీళ్లు వైపర్ లాగేలోపే ఆరిపోయి గీతలు మిగులుతాయి. పొద్దున పడమటి కిటికీలు, మధ్యాహ్నం తూర్పు కిటికీలు చేయండి. గీతలు కనపడ్డాయని ఫోన్ వస్తే మర్నాడే వెళ్లి, డబ్బుల మాట ఎత్తకుండా సరిచేయండి.

10. కాగితాలు

సేవలు ఇచ్చే వ్యాపారానికి మన రెండు రాష్ట్రాల్లోనూ ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పై లెక్కలో నెలకు 56,400 అంటే ఏడాదికి ఏడు లక్షల లోపే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆధార్‌తో ఫ్రీగా అవుతుంది. చేయించిపెడతామని వేలు అడిగేవాళ్లకు ఇవ్వకండి. సామానుకు అప్పు కావాలంటే చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర శిశు లోను 50,000 దాకా ఉంది, బ్యాంకులో అడగండి. కంపెనీల పని ఒప్పుకుంటే వాళ్లు బిల్లులో కొంత టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టుకోవచ్చు. అది మీ డబ్బే, రిటర్న్ వేసినప్పుడు లెక్కకు వస్తుంది. పాన్ నంబర్ మాత్రం ముందే ఇవ్వండి, లేకపోతే పట్టుకునేది బాగా ఎక్కువ. వ్యాపారం డబ్బులకు వేరే బ్యాంక్ ఖాతా, దానికే క్యూఆర్ కోడ్ పెట్టుకోండి. ఇంటి ఖర్చుతో కలిపితే నెలాఖరుకు ఏది ఎవరిదో తెలియదు.

11. రేటు ఎప్పుడు పెంచాలి

"వచ్చే వారం కుదరదు మేడమ్, ఆ పై వారం వస్తాం" అని మీరు వరసగా ఒక నెల చెప్తున్నారంటే రేటు తక్కువగా ఉన్నట్టే. ముందు కొత్తవాళ్లకు మాత్రం పది శాతం పెంచండి. 3 బీహెచ్‌కే 1,430 అవుతుంది, 1,450 అనండి. అడిగినవాళ్లలో ఎక్కువమంది ఇంకా ఒప్పుకుంటుంటే, పాతవాళ్లకు వచ్చే ఉగాది నుంచి పెరుగుతుందని నెల ముందే మెసేజ్ పెట్టండి. దూరంగా ఉన్న ఒంటరి ఇళ్లకు అంతకన్నా ఎక్కువ పెంచండి, గంటకు 641 లెక్కన. వాళ్లలో కొందరు పోతారు. ఎల్బీ నగర్ కస్టమర్‌ని నేను అలాగే వదులుకున్నాను, ఆ శనివారాలు ఇప్పుడు నిజాంపేటలో ఒకే గేటు లోపల నాలుగు ఫ్లాట్లకు సరిపోతున్నాయి.